పుష్కరాల ఆఖరి రోజు ల్యాంపు రూంలో

వచ్చే ఏడాది మళ్ళీ గోదావరి పుష్కరాలు. మా గోదావరిఖనిలో ఇప్పటి నుంచే హడావుడి మొదలైంది. రాష్ట్రం వచ్చాక వచ్చే మొదటి పుష్కరాలు కదా, ఘాట్లు ఎంత పెద్దగా కడతారో, ఎవరెవరు వస్తారో అని చౌరస్తాలో చాయ తాగేవాళ్ళకు రోజుకొక కబురు. మొన్న మా ఎదురు క్వార్టరు ఆమె గుమ్మంలో నిలబడి, "పోయిన పుష్కరాలకు మునిగినవా అక్కా?" అని అడిగింది. లేదన్నాను. "అయ్యో, గింత ఒడ్డుకు ఉండి గూడనా!" అని బుగ్గలు నొక్కుకుంది. ఆమె జాలి చూసి నాకు నవ్వొచ్చింది. ఆమె లోపలికి పోయాక మాత్రం మా అత్త గుర్తొచ్చి, ఆ పూటంతా పని తోచలేదు.

నేను పనిచేసేది భూగర్భ గని ముంగిట ఉండే ల్యాంపు రూంలో. గనిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీకి తగిలించుకునే లైటు, నడుముకు కట్టుకునే దాని బ్యాటరీ ఇస్తాం. మనిషి తన నంబరున్న ఇత్తడి బిళ్ళ మాకిచ్చి లైటు తీసుకుంటాడు, పైకొచ్చాక లైటు ఇచ్చి బిళ్ళ తీసుకుపోతాడు. లైటు వాపసు వస్తే మనిషి పైకొచ్చినట్టు. బిళ్ళ ఇంకా కొక్కేనికే వేలాడుతోందంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. ఇంతకు మించి ఈ పనిలో అర్థం చేసుకోవాల్సింది ఏమీ లేదనే చాలా కాలం అనుకున్నాను.

మా ఆయన ఆ గనిలోనే పైకప్పుకు దుంగలు ఆనించే పని చేసేవాడు. ఒకనాడు ఆ కప్పే ఆయన మీద పడింది. అప్పటికి మాకు పెళ్ళయి ఎన్నో ఏళ్ళు కాలేదు, పిల్లలు లేరు. ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తా. ఆయన బదులుగా నాకు గని పైన చేసే ఈ పని ఇచ్చారు. డ్యూటీలో చేరిన రోజున ల్యాంపు రూం పెద్దాయన, అందరూ కాకా అని పిలిచే మనిషి, నన్ను పక్కకు పిలిచి, "బిడ్డా, దాసిపెట్టుడు ఎందుకు? ఆ దినం మీ ఆయనకు లైటు ఇచ్చింది నేనే" అన్నాడు. చెప్పి ఏడ్చాడు కూడా. నేను ఏడవలేదు. నాకెందుకు చెప్తున్నావని మండిపడ్డాను. కొన్నాళ్ళు ఆయన మొహం చూడ్డానికే మనసొప్పేది కాదు.

పనికి అలవాటు పడ్డానికి టైం పట్టింది. బ్యాటరీల ఆసిడ్ వాసన జుట్టులోకి ఎక్కేది, తల స్నానం చేసినా పోయేది కాదు. చుక్క పడ్డచోటల్లా చీరకు చిల్లి. నా చీరలన్నీ జల్లెడలే అని మా అత్త వెక్కిరించేది. తెల్లవారుజామున సైరన్ మోగేసరికి కాలనీ అంతా బొగ్గు పొయ్యిల పొగ కమ్ముకునేది. ఆ పొగలో ఒకరికొకరం కనబడకుండానే "ఫస్టు షిఫ్టేనా?" "ఆ, ఫస్టే" అనుకుంటూ నడిచేవాళ్ళం. ఇప్పుడు ఇంటింటికీ గ్యాసు వచ్చింది, పొగ లేదు, గొంతులు కూడా వినబడవు. ఆ పొగకు దగ్గినంత కాలం తిట్టుకున్నదాన్ని, ఇవాళ దానికోసం బెంగపడుతున్నానంటే నాకే విచిత్రంగా ఉంటుంది.

ఆ రోజుల్లో కాలనీలో భక్తి కూడా జోరుగా ఉండేది. సాయంత్రం అయితే ఏదో ఒక క్వార్టరు ముందు షామియానా, మైకులో భజన. మా లైనులో ఉండే ఒక పెద్దావిడ, కోస్తా నుంచి వచ్చినవాళ్ళు, మంచి మనిషే, కనబడినప్పుడల్లా నన్ను ఆపేది. "పొట్ట కోసం అందరమూ ఏదో ఒకటి చేస్తామమ్మా, ఆత్మ కోసం ఏం చేస్తున్నావు?" అనేది. "నా ఆత్మకు గూడ ఫస్టు షిఫ్టే పడ్డదమ్మా, సాయంత్రం ఇంటికొచ్చినంక అడుగుత" అనేదాన్ని. ఆమెకు నవ్వాలో కోప్పడాలో తెలిసేది కాదు. అలా నోటితో గెలిచేదాన్ని గానీ, ఇంటికొచ్చి తలుపేసుకున్నాక ఆ ప్రశ్న లోపల గుచ్చుతూనే ఉండేది. బ్యాటరీలో నీళ్ళు పోయడం, అద్దం తుడవడం, బిళ్ళ తగిలించడం. ఇందులో దేవుడి పని ఎక్కడుంది? మొగుడు పోయినందుకు ఇచ్చిన కూలి, అంతే.

మా ల్యాంపు రూంలో ఒక ఆచారం ఉండేది. ఎక్కడా రాసి లేదు, ఏ ఆఫీసరూ చెప్పలేదు. ఇచ్చిన చెయ్యే తీసుకోవాలి. నేను ఎవరికి లైటు ఇచ్చానో వాళ్ళ దగ్గర నేనే తీసుకోవాలి. షిఫ్టు మారి రెండో మనిషి వచ్చి నిలబడినా, నా లైట్లన్నీ వచ్చేదాకా నేను కిటికీ దగ్గర నుంచి కదలకూడదు. కాకాకు ముందు ఉన్నవాళ్ళ నుంచే ఇది వస్తోందట. "ఏం కాకా, నా చెయ్యికి బెల్లం అంటుకున్నదా, నాకే ఇయ్యాల్నని?" అని ఎగతాళి చేసేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

అంతలో పోయిన పుష్కరాలు వచ్చాయి. ఊరు ఊరంతా గోదావరి దారే పట్టింది. అర్ధాంతరంగా పోయినవాళ్ళకు పుష్కరాల్లో పిండం పెడితే వాళ్ళకు దారి దొరుకుతుందని, లేకపోతే అలాగే తిరుగుతుంటారని ఎవరో మా అత్త చెవిలో వేశారు. ఆమెకు అదే పట్టుకుంది. కొడుకు ఇంకా ఆ చీకట్లోనే ఉన్నాడన్నట్టు మాట్లాడేది. అయ్యవారి దగ్గరికి పోయి తిథి లెక్క కట్టించుకొచ్చింది. మా ఆయన పోయిన తిథి సరిగ్గా పుష్కరాల ఆఖరి రోజునే పడింది. "తల్లి చెయ్యి ఒక్కటే సాలదట. పెండ్లాం చెయ్యి గూడ పడాల్నట. ఆ దినం తప్పితే మళ్ళ పన్నెండేండ్లు పిల్లా, నేనుంటనా?" అంది. డ్యూటీ దిగి నేరుగా ఘాట్‌కు వస్తానని మాటిచ్చాను. మొగుడికి నేను చెయ్యగలిగింది ఆ ఒక్కటే మిగిలిందని నాకూ అనిపించింది. అందుకే ఆ రోజు కోసం మా అత్త కన్నా నేనే ఎక్కువ ఎదురుచూశాను.

ఆఖరి రోజు పొద్దున సన్నగా తుంపర. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, అందరూ మూటలతో నది వైపు పోతుంటే నేను గని వైపు నడిచాను. మా అత్త పొద్దున్నే నువ్వులు, బియ్యం, దర్భలు సంచిలో పెట్టుకుని, లైనులో ఆడవాళ్ళతో కలిసి బయల్దేరింది. షిఫ్టుకు వచ్చినవాళ్ళు తక్కువ. వచ్చినవాళ్ళ మనసూ నది మీదే. ఒక కుర్ర కార్మికుడు, బెల్లంపల్లి వైపు నుంచి వచ్చి ఇక్కడ దోస్తులతో గది తీసుకుని ఉండేవాడు, రోజూ నాతో పరాచికాలాడేవాడు, కిటికీలో తల దూర్చి, "అక్కా, మంచి లైటు ఇయ్యి, జల్ది పని ఒడగొట్టుకొని గోదారికి పోవాలె" అన్నాడు. "లైటు మంచిదైతే పని జల్ది అయితదా? చెయ్యి ఆడాలె గని" అని ఇచ్చాను.

మధ్యాహ్నం షిఫ్టు దిగింది. ఎన్నడూ లేనంత తొందరగా మనుషులు కిటికీ దగ్గర తోసుకున్నారు. లైట్లు పడేస్తున్నారు, బిళ్ళలు లాక్కుంటున్నారు, పరుగే పరుగు. కాసేపట్లో అంతా ఖాళీ. నేను చేతులు కడుక్కుని, కొంగు విదిల్చుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టబోతూ కొక్కేల వైపు చూశాను. ఒక బిళ్ళ ఉంది.

ఆ కుర్రాడిదే. దారిలో ఉండి ఉంటాడని కాసేపు ఆగాను. రాలేదు. వాడి జట్టును చూసే సర్దారు ఇంకా హాజరు వేసే మస్టర్ దగ్గరే ఉన్నాడు. పోయి అడిగితే, "పైకొచ్చిండు గదా, నా ముంగటనే నడిసిండు" అన్నాడు. పక్కనున్నవాడు, "లేదు, నేను జూడలే" అన్నాడు. ఇంకొకడు వాడి గదికి సైకిల్ మీద పోయి వచ్చాడు. అక్కడ లేడు. సర్దారు మొహం మారిపోయింది. ఇద్దరిని వెంటబెట్టుకుని, ఇందాకే ఇచ్చిన లైట్లు నా దగ్గర మళ్ళీ తీసుకుని కిందికి దిగాడు. వాళ్ళ బిళ్ళలు వాడి బిళ్ళ పక్కన తగిలించాను.

రెండో షిఫ్టు ఆమె వచ్చి చాలాసేపైంది. కాకా కూడా అక్కడే ఉన్నాడు. ఇద్దరికీ నా సంగతి తెలుసు. "నువ్వు పో బిడ్డా, మీ అత్త ఎదురుసూస్తాంటది. మళ్ళ పన్నెండేండ్లాయె. మేం జూసుకుంటం" అన్నాడు కాకా. ఆ ఆచారం నేర్పిన మనిషే పొమ్మంటున్నాడు. నన్ను పట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు. గేటు దాకా పోయాను కూడా. అక్కడ నిలబడితే నది వైపు పోయే బండ్ల హారన్లు వినబడుతున్నాయి. ఒక పక్క మా ఆయన, ఇంకో పక్క ఆ బిళ్ళ. పోతే ఎవరూ తప్పు పట్టరు. కానీ కాలు గేటు దాటలేదు. ఆ లైటు వాడి చేతిలో పెట్టింది నేను. వెనక్కి తిరిగి వచ్చి కిటికీ దగ్గర కూర్చున్నాను.

కాకా నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. మెల్లగా అన్నాడు. "ఆ దినం నన్ను గూడ పొమ్మన్నరు బిడ్డా. నేను పోలే. మీ ఆయనను పైకి తెచ్చేదాక ఈడనే కూసున్న. ఆ లైటు నేనే తీస్కున్న, తుడిసి పెట్టిన." ఆయన మీద లోపల ఇంకా మిగిలి ఉన్న కోపం ఆ ఒక్క మాటకు ఎటు పోయిందో తెలియదు. మా ఆయన పోయిన రోజు నన్ను గని దగ్గరికి రానివ్వలేదు. అక్కడ ఆయన కోసం ఎవరూ లేరనుకుని ఎన్నిసార్లు ఏడ్చానో. ఒక మనిషి ఉన్నాడు, ఇదే కుర్చీలో. అప్పుడు ఏడుపొచ్చింది నాకు, ఆపుకోలేదు.

ఆ తర్వాత కూర్చుని ఆ బిళ్ళనే చూశాను. నాకు మంత్రాలు రావు. మా లైను పెద్దావిడ నేర్పిన స్తోత్రం రెండో పాదం దగ్గరే ఆగిపోయేది. బిళ్ళ మీదున్న నంబరునే లోపల అనుకుంటూ కూర్చున్నాను. అదే అనుకోవడం, మళ్ళీ అదే అనుకోవడం. వాడు ఎవరో, ఏ ఇంటివాడో నాకు సరిగ్గా తెలియదు. కానీ ఆ పూట ఈ లోకంలో నాకు వాడొక్కడే ఉన్నాడు. భజనల్లో ఎన్ని సాయంత్రాలు కూర్చున్నా మనసు అలా ఒకచోట నిలబడింది లేదు. అలాంటి ధ్యానం మళ్ళీ వద్దు దేవుడా అని ఇప్పటికీ మొక్కుకుంటాను.

పొద్దు వాలుతోంది. ఘాట్ దగ్గర అయ్యవార్లు చాపలు చుట్టేసే టైం. అప్పుడు గేటు దగ్గర కేకలు వినబడ్డాయి. ఆ కుర్రాడు ఉరికొస్తున్నాడు. గని లోపలి నుంచి కాదు, రోడ్డు మీద నుంచి! ఒంటినిండా బొగ్గు, నడుము దాకా తడి, టోపీ చంకలో, బ్యాటరీ నడుముకే ఉంది.

సంగతి ఇదీ. గని నుంచి పైకి వచ్చి ఇటు నడుస్తుంటే, నదికి పోయే లారీ రోడ్డు మీద కదులుతోందట. అందులో వాడి ఊరివాళ్ళు కనబడి, ఎక్కమని కేకేశారట. ఎక్కేశాడు. నడుముకు బ్యాటరీ ఉందనే సోయి లేదు. మా వాళ్ళకు ఆ బరువు మొలతాడుతో సమానం, ఉన్నట్టే తెలియదు. నీళ్ళలో నడుం దాకా దిగి మునగబోతుంటే, పక్కన మునుగుతున్న ఒక ముసలమ్మ, "ఏంది కొడుకా, గా డబ్బా కట్టుకొని మునుగుతవా?" అందట. అప్పుడు చూసుకున్నాడు. తల కూడా తడపకుండా ఒడ్డెక్కి, బండి దొరికిన చోట బండి ఎక్కి, దొరకని చోట ఉరుక్కుంటూ వచ్చాడు.

కనబడితే రెండు చెంపలూ వాయించాలని అంతసేపూ పళ్ళు కొరికినదాన్ని. తీరా వాడు కిటికీ ముందు నిలబడేసరికి చెయ్యి లేవలేదు. వాడు రొప్పుతూ, "అక్కా, నేను సచ్చిన అనుకుంటరని ఉరికొచ్చిన" అన్నాడు. "అనుకున్నం" అన్నాను. నా చేతులతో లైటు తీసుకున్నాను. కాకా కిందికి ఫోన్ చేసి సర్దారును పైకి రమ్మన్నాడు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు అదే కిటికీ దగ్గర గడిచాయి. ఆ సాయంత్రం నుంచి నాకు పని మారలేదు, ఆసిడ్ వాసనా పోలేదు. అద్దం తుడిచేటప్పుడు మాత్రం, ఇది ఎవరి ముందు వెలుగుతుందో ఆ మనిషి మొహం గుర్తు చేసుకునేదాన్ని. అంతే తేడా. పనే దైవం అని గోడల మీద రాయించేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, వాళ్ళెవరూ ఒక్క బ్యాటరీ అయినా ఎత్తి ఉండరు. దైవమో కాదో గానీ, ఆత్మ కోసం ఏం చేస్తున్నావని అడిగితే తడుముకునే అవసరం నాకు పోయింది. రాష్ట్రం కోసం సమ్మె చేసిన రోజుల్లో గనులన్నీ ఆగిపోయాయి. నీళ్ళు తోడే పంపుల దగ్గరికి నలుగురైదుగురు తప్ప ఎవరూ దిగలేదు. వరసలు వరసలుగా లైట్లన్నీ ల్యాంపు రూంలోనే. బయట డప్పులు, పాటలు. నేను కాసేపు ఆ లైట్ల మధ్య ఊరికే నిలబడ్డాను. అందరూ పైనే ఉన్నారు కదా అని ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. అప్పటికి కాకా రిటైరై వెళ్ళిపోయాడు. మా అత్త ఆ సమ్మె చూసింది గానీ, రాష్ట్రం వచ్చిన రోజు చూడలేదు. వచ్చే పుష్కరాలకు ఆమె పేరు మీద కూడా పిండం నేనే పెట్టాలి.

ఆ ఆఖరి రోజు సాయంత్రం, కుర్రాడు లైటు ఇచ్చిన కాసేపటికి, మా అత్త గని దగ్గరికి నడిచి వచ్చింది. చీకటి పడబోతోంది. నేను వస్తానని పిండం పెట్టకుండా, అందరూ లేచిపోయేదాకా ఘాట్‌లో కూర్చుందట. చివరికి నాకేమైందోనని భయపడి ఇటు వచ్చింది. సంచి అలాగే ఉంది.  కొడుకు కోసం అడిగిన ఒక్క పనీ కాకుండా చేశాను.  కాకానే జరిగిందంతా చెప్పాడు.  ఆ కుర్రాడు గోడకు ఆనుకుని నిలబడి, తల దించుకుని, "అవ్వా, నా వల్లనే మీ పిండం తప్పిపోయింది. మాఫ్ చెయ్యి" అన్నాడు.

మా అత్త వాడిని కింది నుంచి మీది దాకా చూసింది. పొద్దున గనిలో దిగినప్పటి నుంచి వాడి కడుపులో ఏమీ పడలేదని మొహమే చెబుతోంది. పిండం పెట్టాక కొడుకు పేరు మీద ఒకరికి తిండి పెట్టాలని ఆమె తెల్లవారుజామునే లేచి వండుకుంది. ఆ డబ్బా సంచి అడుగున ఉంది. బయటికి తీసి, మూత తీసి, మక్క గారెలు మూతలో పెట్టి, అన్నం మీద పచ్చిపులుసు పోసింది.

"పిండం సచ్చినోళ్ళకు పెడుతరు బిడ్డా. నువ్వు బతికొచ్చినవ్. కూసోని అన్నం తిను" అంది.

వాడు చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయి బల్ల మీద కూర్చుని తిన్నాడు. మా అత్త ఎదురుగా నేల మీద కూర్చుని, వాడు తింటున్నంతసేపూ వాడి మొహమే చూసింది. తిని, సిగ్గుపడుతూ, "అవ్వా, ఇంకింత ఉన్నదా?" అన్నాడు. ఆమె లేచి డబ్బా మొత్తం వాడి ముందు బోర్లించింది.